అండమాను యాత్ర

ఇబ్రహీంపట్టణపు పెద్దచెరువు చూచుచు పెరిగిన మా బిడ్డలకు, వీపున గాలిసిలిండరు కట్టుకొని సముద్రములో మునుగు స్కూబాపై మక్కువ కలిగెను. గత మాఘమున, 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన హేవలాకు దీవికి పోయితిమి.

సోదరీమణులారా! అచ్చట స్కూబా నేర్పువారు పలువురు కలరు. మొదటివారు ఆరోగ్యపత్రము నందించి, "అన్నిటికిని లేదని వ్రాయుడు" అనిరి. మా అమ్మాయికి చిన్ననాటినుండి ఉబ్బసము. మా వారు బడిలో బోధించు విషయమే: 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపగును. పైకి వచ్చునపుడు ఊపిరితిత్తులలో చిక్కిన గాలి వ్యాకోచించి వానిని చీల్చవచ్చును.

రెండవవారు ఆ మాట విన్నంతనే, "వైద్యుని అనుమతి లేనిదే దింపము" అనిరి. అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. అయినను మేము వారినే యెన్నుకొని, వారి రేవునకు నడచిపోదగిన చోటనే బస కుదుర్చుకొంటిమి. పండ్రెండేండ్ల అబ్బాయి మాత్రము దిగి వచ్చి పగడపుదిబ్బల ముచ్చట్లు చెప్పుచుండగా, అక్క యొడ్డున మౌనముగా వినినది.

ఒకమారు మునిగినను 12 గంటలు, పలుమారులు మునిగినచో 18 గంటలు గడువనిదే విమానమెక్కరాదని వారే చెప్పగా, మరునాడును బసలోనే నిలిచితిమి.

ధర తక్కువయని గాక, కాదనగల ధైర్యము గలవారిని నమ్ముడు. అలిగిన బిడ్డను ఓదార్చుకొనవచ్చును గదా!