వింత కారు, వెనక తొట్టి

అనంతపురం జిల్లా పామిడి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పికప్ అంటే సరుకు మోసే బండే. ఆ సరుకు చీనీకాయలు కావచ్చు, బట్టల మూటలు కావచ్చు. అలాంటి బండికే రెండో వరస సీట్లు, పైమెరుగులు పెట్టి 2016లో ‘వీ-క్రాస్’ అని కుర్రకారుకు చూపించింది జపాన్ కంపెనీ ఇసుజు. తయారీ మన శ్రీసిటీలోనే. వింతగా ఉంటే యువత ఎగబడుతుందన్న లెక్క జపాన్‌లో పాతదే, తరచూ తప్పిందే. 2000లో టయోటా ‘విల్’ పేరుతో గుమ్మడికాయ రథం లాంటి కారు దించింది. అదే పేరుతో వేరే కంపెనీల బీరు, సైకిళ్లు కూడా అమ్మారు (కారుకీ బీరుకీ ఒకే పేరేమిటో!). కొన్నేళ్లకే ఆ పేరు కనుమరుగైంది. అమెరికా కుర్రాళ్ల కోసం టయోటాయే 2003లో తెచ్చిన సైయాన్ బ్రాండు 2016లో మూతపడింది.

నిస్సాన్ వింత కారు ‘బీ-1’ గెలిచింది కదా అంటారు. గెలిచింది. కానీ 1987లో వాళ్లు చేసింది 10,000 బండ్లే. వింతతో పాటు కొరత కూడా దాన్ని అమ్మిపెట్టింది. మరి వీ-క్రాస్ డబ్బున్నోళ్ల సరదా కదా, కరువు సీమకు దాంతో పనేమిటి? ధర సంగతి ఒప్పుకోవాల్సిందే. అయితే మన దగ్గర కారు కొనేది కుర్రాడొక్కడే కాదు, ఇల్లంతా. బండి చూడగానే పెద్దాయన అడిగేది రంగు గురించి కాదు, ఎంత బరువు లాగుతుందని. ఎన్ని సోకులు చేసినా ఇసుజు వాళ్లు ఆ వెనక తొట్టిని మాత్రం తీసేయలేదు.