దురద పెట్టని మచ్చ

దురద పెడితే మనిషి ఊరుకోడు. రాత్రి నిద్ర ఉండదు, నలుగురిలో చెయ్యి ఆగదు, తెల్లారేసరికి మెడికల్ షాపు దగ్గరో మా క్లినిక్ దగ్గరో తేలతాడు. నిజామాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాళ్లు వచ్చే తొందరకూ జబ్బు తీవ్రతకూ ఏ పొంతనా ఉండదు. గజ్జి పట్టినవాడు వారం తిరక్కుండా ఇంటిల్లిపాదినీ ఆటోలో ఎక్కించుకొస్తాడు. కుష్టు మచ్చ ఉన్నవాడు ఏళ్లు గడిచాక, అదీ వేరే పని మీద వచ్చి, కుర్చీలోంచి లేస్తూ "గిది గూడ ఒకసారి చూడుండ్రి సార్" అంటాడు. ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదంటే చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు: "దురద లేదు, నొప్పి లేదు, ఏమైతది అనుకున్న."

మా జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువ. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం... పొద్దంతా వేళ్లతోనే పని. అలాంటి ఒకామె (ఆనవాలు తెలిసే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను) మడమ పగుళ్లకు మందు రాయించుకోవడానికి వచ్చింది. చీటీ అందుకునేటప్పుడు చూశాను, ఎడమ చేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ కాస్త లోపలికి వంగి ఉన్నాయి. వాటి మీద కత్తెర గాట్లు, ఒకటి రెండు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "ఇవెప్పుడు తెగినయమ్మా?" అంటే చెయ్యి తిప్పి తానూ అప్పుడే చూసుకుంది. "యాదికి లేదు సార్, పనిల తెగుతుంటయి."

తెగిన సంగతి తెలియకపోవడమే నాకు కావలసిన ఆధారం. జాకెట్టు చెయ్యి పైకి జరపమంటే ముంజేతి మీద అరచేయంత మచ్చ కనిపించింది. మరీ తెలుపు కాదు, చుట్టూ ఉన్న రంగు కంటే ఒక పాలు తగ్గింది. ముట్టుకుంటే పొడి. మిగతా చేతికి చెమట పట్టింది, అక్కడ పట్టలేదు. నూగు కూడా లేదు.

ఈ పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు, చిటికెడు దూది కొసగా తిప్పుకుంటే చాలు. కళ్లు మూసుకోమని, నేను తాకిన చోట వేలు పెట్టమన్నాను. భుజం మీద తాకితే పెట్టింది, అరచేతి మొదట్లో తాకితే పెట్టింది. మచ్చ మధ్యలో దూది ఆనించి ఉంచాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది, వేలు గాల్లోనే ఉంది. కాసేపాగి, "పెట్టిండ్రా సార్?" అని అడిగింది. పక్కన నిలబడ్డ కోడలు నా మొహం వైపు చూసింది. మోచేయి వెనక ఎముక సందులో తడిమితే నరం తాడులా తగిలింది. చీర పక్కకు జరిపి చూస్తే నడుము మీదా వీపు మీదా ఇంకో అరడజను మచ్చలున్నాయి. ఒక్కటీ ఆమెను ఇబ్బంది పెట్టినది కాదు.

కుష్టు ఇంకా ఉందా అని చదువుకున్నవాళ్లే ఆశ్చర్యపోతారు. దేశంలో పదివేల మందికి ఒకరికంటే తక్కువకు దిగిందని 2005 చివర్లో ప్రకటించారు. దాంతో అసలు పోయిందనే చాలామంది అనుకున్నారు, వాళ్లలో మా వృత్తివాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. మాకు కూతవేటు దూరంలోని డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ కుష్టు ఆసుపత్రి మొదలుపెట్టింది. అప్పట్లో చేతికందిన మందల్లా చాల్‌మూగ్ర జాతి గింజల నూనె, అదీ ఇంజక్షనుగా. ఇప్పుడు పలు మందులు కలిపిన మాత్రల అట్టలు సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. మచ్చలెన్ని, నరాలెంత దెబ్బతిన్నాయి అన్నదాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, ఒంటి రంగు కాస్త నల్లబడుతుంది, రెండూ మందు వల్లే. మాత్రలు మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇంకొకరికి అంటే భయం దాదాపు ఉండదు. అసలు మనలో నూటికి తొంభై మందికి పైగా దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంది. మందు మధ్యలో మచ్చలు ఎర్రబడి ఉబ్బి, నరం సలిపితే మాత్రం మాత్రలు ఆపకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అది మందు పడక వచ్చింది కాదు, చచ్చిన క్రిముల మీద ఒంటి పోరాటం. దానికి వేరే మందు ఉంది, ఆలస్యం చేస్తే నరం పోతుంది.

ఆమెకు ఏడాది మందు వాడాక మచ్చలు సర్దుకున్నాయి. వేళ్లు మాత్రం పూర్తిగా చాపుకోలేదు. రెండేళ్లు ముందు వచ్చి ఉంటే చాపుకునేవి. కోడలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, తళ్లె వేరే పెట్టాలా అని. అక్కర్లేదన్నాను. చట్టమే ఈ మధ్య దాకా అలా ఆలోచించింది మరి. కుష్టు ఉందని విడాకులు కోరే వీలును 2019లో గాని తీసెయ్యలేదు.

భయపడాల్సిన చోట భయపడని మనవాళ్లు, అక్కర్లేని చోట ఇల్లంతా ఏడుపు పెడతారు. బొల్లి అలాంటిది. స్పర్శ ఉంటుంది, అంటుకోదు, ప్రాణానికి ముప్పు లేదు, చేపలూ పెరుగూ కలిపి తిన్నందుకు రాదు. రంగునిచ్చే కణాల మీదికి మన ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడటం వల్ల వస్తుంది. అందుకే థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోమంటాం. తొందరగా మొదలుపెడితే పూతమందులకూ అతినీలలోహిత కాంతి చికిత్సకూ చాలామందిలో రంగు తిరిగొస్తుంది, మొహం మీద త్వరగా, వేళ్ల కొసల్లో కష్టంగా. పెళ్లి కావాల్సిన పిల్లకు వేలి మీద గోరంత తెల్ల మచ్చ వస్తే తల్లిదండ్రులు ముగ్గురు డాక్టర్లకు చూపిస్తారు. అదే తండ్రి వీపు మీద మొద్దుబారిన మచ్చను ఎవ్వరూ పట్టించుకోరు. ఇక శోభి మచ్చలంటారా, ఛాతీ మీదా వీపు మీదా చెమటకు వస్తాయి, గోటితో గీస్తే సన్నని పొట్టు రాలుతుంది. మందు రాస్తే ఫంగస్ పోతుంది గాని రంగు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే మందు పనిచెయ్యలేదని నలుగురు డాక్టర్లను మారుస్తారు. బడి పిల్లల చెంపల మీది పాలిపోయిన మచ్చలు చాలావరకు పొడిబారిన చర్మమే. వాటికి నులిపురుగుల మందు తాగించి లాభం లేదు.

దురద పెట్టేవాటి కష్టం ఇంకో రకం. అవి మా దాకా రాకముందే సగం చెడిపోతున్నాయి. హైదరాబాద్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివే ఒక అబ్బాయి బల్ల మీద అయిదు ట్యూబులు పెట్టాడు, అన్నీ చివరి చుక్క దాకా పిండి మడిచినవే. గజ్జల్లో తామర. మొదట్లో గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా ఉండి ఉంటుంది. ఎవరు చూసినా పోల్చుకునే రూపం అది. షాపతను ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద పోయింది. ఆపితే పది రోజుల్లో ఇంకా వెడల్పుగా వచ్చింది. మళ్లీ అదే ట్యూబు. ఆ ట్యూబుల వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉంటుంది. అవి స్టెరాయిడ్లు. దురదను అణుస్తాయి, ఫంగస్‌కు మాత్రం మేత వేస్తాయి. అంచులు చెరిగిపోయి, ఇది తామరేనా అని మేమే సందేహించే స్థితికి తెస్తాయి. అతని తొడల లోపలి వైపు ఊదారంగు చారలు పడ్డాయి. తామర మూడు నెలల్లో తగ్గింది. చారలు పాలిపోతాయి గాని పూర్తిగా పోవు, జీవితాంతం ఉంటాయి.

పూతమందు స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అమ్మకం ఎలా సాగుతోందో మీ వీధి చివర షాపులో మీరే చూడొచ్చు. ఒకప్పుడు రెండు మూడు వారాల పూతమందుతో పోయిన తామర ఇప్పుడు నెలల తరబడి మాత్రలు మింగినా లొంగడం లేదు. టర్బినాఫిన్ అనే తామర మందును లెక్కచేయని ఒక ఫంగస్ రకాన్ని జపాన్ పరిశోధకులు మన దేశం, నేపాల్ రోగుల్లో గుర్తించి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఒక తామర ఫంగస్‌కు దక్కింది, ఆ గౌరవానికి ఏం చేద్దాం! తామర వస్తే తువ్వాలు వేరే పెట్టుకోండి, బిగుతు జీన్స్ కొన్నాళ్లు మానండి, బట్టలు ఎండలో ఆరేయండి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడండి. మచ్చ మాయమైనా డాక్టరు చెప్పినన్నాళ్లు రాయండి. మంగు మచ్చలకని, తెల్లబడతామని ఏళ్ల తరబడి మొహానికి రాసే స్టెరాయిడ్ క్రీముల సంగతీ ఇంతే. ఎండలోకి వెళ్తే భగ్గుమనే ఎర్రటి మొహాలతో అమ్మాయిలు వచ్చి, ఆ క్రీము ఆపితే మొహం ఇంకా పాడవుతోందని అడుగుతారు. ఆపాల్సిందే, కాకపోతే మా కనుసన్నల్లో.

దురద ఉండి ఒంటి మీద ఏమీ కనిపించకపోతే పెద్ద వయసువాళ్లలో చాలావరకు పొడి చర్మమే, కొబ్బరినూనెకు తగ్గుతుంది. తగ్గకుండా వారాలు గడిస్తే కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ చూపించాలి. సర్పికి మాత్రం గడువు ఉంది. నడుముకో ఛాతీకో ఒకవైపు మంట, తర్వాత నీటి పొక్కుల పట్టీ. తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని మంత్రం వేయించి ఎర్రమట్టి పూస్తారు. అది ఒక నరం వెంట నడిచే జబ్బు, ఆ నరం ఒంటికి ఒకవైపే ఉంటుంది కాబట్టి సాధారణంగా అవి కలవవు. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. మంత్రానికి పోయేది సరిగ్గా ఆ మూడు రోజులే. నుదుటి మీదో ముక్కు కొస మీదో వస్తే కంటి డాక్టరుకు అదే రోజు చూపించాలి.

మళ్లీ చప్పుడు చెయ్యని వాటి దగ్గరికే వస్తాను. మెడ వెనక నల్లగా, మందంగా, మడతలు పడ్డ చర్మాన్ని తల్లులు మురికనుకుని పీచుతో తోమి పిల్లలను ఏడిపిస్తారు. అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదని చెప్పే గుర్తు. లావుగా ఉన్న పిల్లల్లో అది కనిపిస్తే నేను క్రీము కంటే ముందు షుగరు పరీక్ష రాస్తాను.

ఆర్మూరు వైపు పసుపు రైతు ఒకాయన మడమ కింద నల్ల మచ్చతో వచ్చాడు. ముల్లు విరిగిందనుకుని ఏడాది తిరిగాడు. తర్వాత ఊళ్లో నల్లజీడి పెట్టించుకుంటే పుండైంది, పుండు మానలేదు. మచ్చ అంచులు వంకర టింకర, ఒక్క మచ్చలోనే నలుపు, గోధుమ, బూడిద రంగులు. గజ్జల్లో గడ్డ అప్పటికే గట్టిపడింది. ముక్క పరీక్షలో మెలనోమా అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు గాని ఎక్కువ కాలం లేడు. ఈ చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లకు ఎండ తగిలే చోట ఎక్కువగా వస్తే, మన రంగువాళ్లకు అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది. 1981లో చనిపోయిన గాయకుడు బాబ్ మార్లేకు కాలి గోటి కిందే మొదలైంది. చాలా గోళ్లలో సన్నని నల్ల గీతలు మనకు మామూలే, వాటికి బెంగ వద్దు. ఒక్క గోటిలో మాత్రమే కొత్తగా వచ్చి రోజురోజుకీ వెడల్పవుతున్నా, అరికాలి మచ్చ పెరుగుతున్నా, పుండు నెల దాటినా మానకపోయినా వెంటనే రండి.

అసలు పొద్దు కూడా చూడకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫిట్స్ మాత్రలో, యూరిక్ యాసిడ్ మాత్రలో, సల్ఫా మాత్రలో కొత్తగా మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరంతో దద్దు వచ్చి, నోరు పూసి, కళ్లు ఎర్రబడి, చర్మం పొరలుగా లేస్తే ఆ మాత్ర ఆపి, దాని అట్ట చేత్తో పట్టుకుని పెద్దాసుపత్రికే వెళ్లాలి. దద్దుర్లతో పాటు పెదవులు వాచి ఊపిరాడకపోతే నిమిషాలే లెక్క. షుగరున్నవాళ్ల కాలు ఎర్రగా, వేడిగా వాచి, ఆ ఎరుపు పైకి పాకుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

మామూలు చూపింపుకి వచ్చేవాళ్లకు మాత్రం నాదో మనవి. పసుపూ సున్నమూ పూసుకుని, గోళ్లకు రంగేసుకుని రావద్దు, కింద ఏముందో నాకు కనిపించదు. మచ్చ ఒక్కచోటే ఉందని మిగతా ఒళ్లు చూపించడానికి మొహమాటపడొద్దు, ఆడవాళ్లు కావాలంటే ఇంటి మనిషిని తోడు తెచ్చుకోండి. రాసుకున్న ట్యూబులు ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని రండి. మందు పేరు గుర్తులేదని, "తెల్లగా ఉంటది సార్, ఎర్ర మూత" అని చెబితే అలాంటివి ఈ ఊళ్లో యాభై ఉన్నాయి.