ఆరుద్ర కార్తెలో కప్పల వెంట

గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల వైపు బయల్దేరాం. ఊరు దాటినా మిర్చి యార్డు ఘాటు ముక్కును వదల్లేదు. ఆరుద్ర కార్తె వాన పడింది, నల్లరేగడిలో పత్తి గింజలు నాటుతున్నారు. ఇంత వాన పడ్డాక కుంటల దగ్గర బెకబెకలు చెవులు దద్దరిల్లించాలి. రెంటచింతల దాటాక బండి ఆపి చాలాసేపు విన్నాను. ఎక్కడో ఒకటీ అరా.

గట్టు మీద ఒక పెద్దాయన ఉంటే, "కప్పలు అరవట్లేదేం బాబాయ్?" అని అడిగాను.

"మా చిన్నప్పుడు నిద్ర పట్టనిచ్చేయి కాదయ్యా. ఇప్పుడు పురుగుమందు కొట్టిన డబ్బాలన్నీ ఈ కుంటలోనే కడుగుతున్నారు. ఇంకేం బతుకుతయ్యి?" అన్నాడు.

కప్ప చర్మంతో నీళ్లు పీలుస్తుంది, కొంత ఊపిరీ చర్మంతోనే తీస్తుంది. నీటిలో ఏం కలిస్తే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. పైరు మీది పురుగును తినే జీవిని మనమే పొలం నుంచి తరిమేశాం.

మాచర్ల దాటితే నేల మారిపోతుంది. పత్తి చేలు పోయి నాపరాళ్ల గుట్టలు, ముళ్లపొదలు, ఆ వెనక నల్లమల. ఈ ఎండు అడవిలో కొత్త జీవులేముంటాయని చాలామంది అనుకుంటారు. కానీ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఆర్.సి. శర్మ 1969లో నాగార్జునకొండ లోయ నుంచే ఒక కొత్త నలికిరిని లోకానికి పరిచయం చేసి, దానికి నాగార్జునుడి పేరే పెట్టారు. 1976లో ఈ కొండల నుంచే ఒక కొత్త పామును వర్ణించారు. ఆ లోయలో చాలా భాగం ఇప్పుడు సాగర్ నీటి కింద ఉంది.

నేను వచ్చింది మాత్రం ఒక గోదురుకప్ప కోసం. 1876లో గుంథర్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టిన జాతి అది. నమూనా మలబారుదని రాసుకున్నారు. చాలాకాలం దాని జాడ సరిగా తెలియలేదు. తర్వాత సాగర్ పరిసరాల్లోనూ కనిపించింది. మామూలు గోదురుకప్పకు ఒళ్లంతా పొక్కులుంటాయి, దీని ఒళ్లు నున్నగా, బల్లపరుపుగా ఉంటుంది. బండ పగుళ్లలో దూరడానికి కుదిరే ఒళ్లు.

చీకటి పడ్డాక అటవీ సిబ్బందితో, వాళ్ల వెంట వచ్చిన చెంచు వాచరుతో కలిసి బండల మీదికి వెళ్లాం. వాచరు టార్చి ఆర్పేయమన్నాడు. "ముందు ఇనాల సార్, తర్వాత సూడాల" అన్నాడు. శాస్త్రవేత్తలు చేసేదీ అదే. పొలాల్లో దొరికే చిన్న కప్పలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అరుపు మాత్రం జాతికొకటి. అరుపు రికార్డు చేసి, డీఎన్ఏ పోల్చి, మ్యూజియంలో స్పిరిట్ సీసాల్లో ఉన్న పాత నమూనాల పక్కన పెట్టి చూశాకే కొత్తదో కాదో తేలుతుంది. తూర్పు కనుమల నుంచి 2018లో కళింగ పేరుతో ఒక కొత్త కప్ప అలాగే బయటపడింది. శ్రీలంకకే పరిమితమనుకున్న బంగారు వీపు కప్ప చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిలో ఉందని 2024లో తెలిసింది.

వాచరు చూపించిన పగులులో బొటనవేలంత గోదురుకప్ప, ఎర్రటి మచ్చలతో, కదలకుండా కూర్చుని ఉంది. చేత్తో తాకలేదు. ఫొటో తీసుకుని వెనక్కి తిరిగాం.

కప్పల పరిశోధనంటే అందరి చూపూ పడమటి కనుమల మీదే. అక్కడ నెలల తరబడి వాన, ఇక్కడ నాలుగు జల్లులు. ఎండు అడవి కప్పలు ఆ కొన్ని రాత్రులే పైకొచ్చి, గుడ్లు పెట్టి మళ్లీ మట్టిలోకో, బండ సందుల్లోకో పోతాయి. ఆ రాత్రుల్లో అక్కడ మనిషి లేకపోతే ఏ జాతీ లెక్కకు రాదు. మన విశ్వవిద్యాలయాలు అటవీశాఖ అనుమతితో, చెంచులను వెంటబెట్టుకుని, ఏటా తొలకరికి మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం దాకా ఈ గుట్టల్ని రాత్రిపూట వెతకాలి. అడవిలోకి వెళ్లలేని మనం మన ఊరి కుంట అరుపును ఫోన్‌లో రికార్డు చేసి, దగ్గరి కాలేజీ జంతుశాస్త్రం మాస్టారికి వినిపించవచ్చు. రైతు సోదరులారా, మందు డబ్బాలు మాత్రం కుంటలో కడగకండి.