లిరిలా? సింథాలా?



హాస్టల్ చదువు గురించి, అన్నం గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను సబ్బు గురించి రాస్తాను. నవ్వకండి. కాస్మెటిక్ ఛార్జీలు చేతికొచ్చిన రోజు పరీక్ష కన్నా పెద్ద ప్రశ్న మాకు అదే: ఈ ఎండాకాలానికి లిరిలా, సింథాల్ లైమా?

తిరుపతి ఎండ మీకు తెలిసిందే. పగలంతా కాగిన శేషాచలం బండలు పొద్దుగూకినా సెగ వదలవు. మార్చి దాటితే మా కుళాయిలో నీళ్లు సన్నబడేవి. ఒక బకెట్టుతో ఇద్దరం స్నానం చేసి, ఉన్న రెండు జతల్లో ఒకటి తొడుక్కుని బడికి పోయేవాళ్లం. అక్కడ కొందరు "హాస్టలోళ్లు వచ్చినార్రా, వాసన" అని ముక్కు మూసుకునేవారు. అందుకే నిమ్మ వాసన సబ్బు మాకు సోకు కాదు, జవాబు.

రెండింటిలో సింథాల్ పాతది. గోద్రెజ్ వాళ్లు 1952లో తెచ్చారు. నిమ్మ వాసన రకం ఆ తర్వాత వచ్చింది. లిరిల్ 1975లో హిందుస్థాన్ లీవర్ వాళ్లు తెచ్చినది. టీవీలో దాని జలపాతం ప్రకటన చూసి మావాళ్లు "మన తలకోనే" అని పందెం కాసేవాళ్లు. నిజానికి అది తీసింది కొడైకెనాల్ దగ్గర. నా ముక్కుకు లిరిల్ అప్పుడే కోసిన నిమ్మకాయ. సింథాల్ లైమ్ నలిపిన నిమ్మాకు. మొదటిది గుప్పుమంటుంది, రెండోది మెల్లగా పలకరిస్తుంది.

ఎటూ తేలక నేనూ, నా పక్క పెట్టె మిత్రుడూ చెరొకటి కొని, దారంతో సగానికి కోసి పంచుకున్నాం. పొద్దున బడికి సింథాల్ ముక్క, సాయంత్రం కబడ్డీ అయ్యాక లిరిల్ ముక్క. అయినా రెండో పీరియడ్‌కి ఏ వాసనా మిగిలేది కాదు.

కారణం తర్వాత చదువులో తెలిసింది. నిమ్మ వాసన తొక్కలోని చిన్న తిత్తుల్లో ఉండే నూనెది. అది తేలిగ్గా ఆవిరవుతుంది, ఎండకు ఇంకా తొందరగా. ఖరీదైన సెంట్లలోనూ నిమ్మే ముందు తగిలి ముందు పోతుంది. ఇక చెమటకు తనంతట పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టినప్పుడే వస్తుంది. దాన్ని పోగొట్టేది నురగ, చాలినన్ని నీళ్లు, ఉతికి ఆరేసిన చొక్కా.

కాబట్టి తమ్ముళ్లూ, మీ ముక్కుకు నచ్చింది కొనుక్కోండి. కవరు మీద టి.ఎఫ్.ఎం. 76 శాతం పైన ఉంటే అది గ్రేడ్ 1 సబ్బు. తడి లేనిచోట పెడితే నెల దాకా వస్తుంది. సబ్బు ఏదైనా, ఎవరైనా ముక్కు మూసుకుంటే మాత్రం తల దించుకోకండి. ఒక బకెట్టుతో ఇద్దరు స్నానం చేయాల్సి రావడం నీళ్ల కొరత. అది మన పుట్టుకలోని లోటు కాదు.