పేరుకొన్న నూనె

ఢిల్లీలో హౌజ్ ఖాస్‌కు సమీపమున, ఐఐటి పక్కనే, జియా సరాయ్ అనే చిన్న పల్లె ఉన్నది. సరాయ్ అనగా బాటసారులు రాత్రికి తలదాచుకొనే సత్రము. 1961లో ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 1963లో ఐఐటిగా మారిన ఆ విద్యాలయపు నీడన ఈ పల్లెకు మరల బాటసారులు వచ్చినారు. వీరు పరీక్షల కొరకు వచ్చినవారు. వీరి మూటలలో బట్టలకంటె పుస్తకాల బరువు ఎక్కువ. ఊరి నేల పెరగలేదు, మనుషులు పెరిగినారు. ఇళ్లు ఒకదానిమీద ఒకటిగా పైకి లేచినవి. సాంద్రత అంటే ఏమిటో ఆ సందులలో నడిచిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అక్కడ మూడవ అంతస్తులోని ఒక గదిలో అమలాపురం ప్రాంతపు విద్యార్థి ఒకడు ఉండేవాడు. భౌతికశాస్త్రములో రెండుసార్లు గేట్ పరీక్ష వ్రాసి తప్పినాడు. రానున్న ఫిబ్రవరిలో మూడవసారి. జనవరి మొదటివారమున తల్లి, ఇంటి కొబ్బరినూనె సరిగా ఒక కిలో తూచి, సీసాలో పోసి, తెలిసినవారి చేత పంపినది. మరునాటికి నూనె తెల్లగా పేరుకొన్నది. కోనసీమలో ధనుర్మాసపు తెల్లవారుజామున సీసా మెడ వద్ద కొద్దిగా పేరుకొనడం అతడు ఎరుగును గాని, ఇట్లు రాయివలె బిగియడం చూచి ఎరుగడు. మట్టము తగ్గి, నడుమ గుంట పడినది. దారిలో కారిపోయినదేమో అని కింది కిరాణా దుకాణములో తూయించినాడు. సీసా బరువు పోగా తూకము సరిగానే ఉన్నది.

అప్పుడు అతనికి నవ్వు వచ్చినది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకట్టును. చలికి కణములు దగ్గరకు జరుగును, ఘనపరిమాణము తగ్గును, ద్రవ్యరాశి మారదు. ఉన్న బరువే తక్కువ చోటిలో ఒదిగినది గనుక సాంద్రత పెరుగును. నీరు ఈ దారిలో కొంతదూరము నడిచి వెనుదిరుగును: 4 డిగ్రీల వరకు బరువెక్కి, ఆపైన చల్లబడినకొద్దీ వ్యాకోచించును. అందుచేతనే మంచుగడ్డ తేలును, కాశ్మీర సరస్సులలో మంచు పొర కింద చేపలు బ్రదుకును.

గాలికీ ఇదే న్యాయము. అతని గది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అందులోని గాలి 5 డిగ్రీల వద్ద సుమారు 28 కిలోలు తూగును. 30 డిగ్రీల వద్ద రెండు కిలోలకు పైగా తగ్గును. శీతకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకొన్న గాలి బరువెక్కి కదలక ఉండిపోవును. పైనున్న వెచ్చని గాలి దానికి మూతవలె నిలుచును. వేసవిలో వేల మీటర్ల ఎత్తున చెదరిపోయే పొగ అప్పుడు కొన్ని వందల మీటర్లలో ఇరుకుకొనును. ఢిల్లీ పొగమంచును గూర్చి ఇంతవరకు అతడు తడుముకొనక వ్రాయగలడు.

ఒక రాత్రి పక్కగదిలోని బీహారు మిత్రుడు, వయసులో పెద్దవాడు, బొగ్గుల కుంపటి రాజేసి పిలిచినాడు. తలుపు మూసి, గడప కింది సందులో పాతగుడ్డ కుక్కినాడు.

"పొగతో ప్రమాదము లేదా, భాయీసాబ్?"

"కణకణలాడే నిప్పుకు పొగ ఎక్కడిది, తమ్ముడూ? ఉన్నా వేడిగాలి తేలిక. పైన వెంటిలేటరు ఉన్నదిగా, పోతుంది. ఇది నీ పుస్తకములోనిదే."

మాట సరియైనదే. అందుకే అతడు కూర్చున్నాడు. కొంతసేపటికి నుదురు బరువెక్కినది. చిన్న భాగహారము మూడుసార్లు తప్పినది. ఎదుట పెద్దవాడు పుస్తకముపై తల వాల్చి ఉన్నాడు. అప్పుడు అతనికి లెక్కలో విడిచిన పదము తట్టినది. వేడిగాలి పైకి పోవలెనన్న, దాని చోటికి కింది నుండి చల్లనిగాలి రావలెను. గుడ్డ ఆ దారిని మూసినది. ఇక బొగ్గు నుండి పుట్టే కార్బన్ మోనాక్సైడు గాలితో దాదాపు సమానమైన బరువు గలది. చల్లబడినచో పైకి పోదు, కిందికి దిగదు, గదినిండా కలిసిపోవును. దానికి రంగు లేదు, వాసన లేదు.

లేచినాడు గాని కాళ్లు తేలిపోయినవి. పాకుతూ పోయి తలుపు తీసి, మిత్రుని చంకలు పట్టి వరండాలోకి ఈడ్చి, కేక వేసినాడు. ఇరుగుపొరుగువారు ఆ రాత్రే ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చినారు. అక్కడ ప్రాణవాయువు ఇచ్చినారు. మిత్రుడు తెల్లవారుజామున కన్నులు తెరిచినాడు.

రెండుదినముల తరువాత డాబామీద ఎండ కాచినది. అతడు నూనెసీసా ఎండలో పెట్టి చూచుచుండెను. అంచులు ముందు కరిగినవి. నడుమనున్న తెల్లని గడ్డ ఊడి, మెల్లగా అడుగుకు దిగినది. అప్పుడే తల్లి ఫోను చేసినది.

"నూనె చేరిందా, నాన్నా? సీసా కారలేదు గదా?"

"లేదమ్మా. చలికి కొంచెం కుంచించుకుపోయింది, అంతే. తూకం సరిగానే ఉంది."

కుంపటి మాట ఆమెకు చెప్పలేదు. గదికి తిరిగివచ్చి, తన తలుపు కింది సందులో కుక్కిన కాగితములను లాగివేసినాడు.