లాగ్‌బుక్‌లో వ్రాయని నొప్పి

మన ప్లాంటులో షిఫ్టు మారే వేళ ఒక నియమం ఉన్నది. దిగిపోయే ఇంజనీరు లాగ్‌బుక్ తెరచి, తన ఎనిమిది గంటలలో ఏ యంత్రం ఎలా నడిచిందో వ్రాసి, సంతకం చేసి, తరువాతి వారికి అప్పగించాలి. పంపు బేరింగు కాస్త వేడెక్కినా, వాల్వు గ్లాండు నుండి నాలుగు చుక్కలు కారినా అందులో ఎక్కవలసిందే. లోపం రావడం తప్పు కాదు, వచ్చిన లోపాన్ని వ్రాయకపోవడమే తప్పు. ముప్పై ఏళ్లుగా కొత్త ట్రైనీలకు ఈ మాట చెబుతూ వచ్చిన మనిషి ఇంటిలోనే ఆ తప్పు జరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ సంగతిని సహోద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

‘మేము’ అని వ్రాయడం పెద్దరికం కొరకు కాదు. బైపాస్ శస్త్రచికిత్స జరిగింది ఒక గుండెకే అయినా, కోలుకోవలసి వచ్చింది మా ఇద్దరికీ. కలం పట్టినది బాయిలర్ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసే ఇంజనీరు. ప్రతి పేరానూ చదివి, “ఇది ఇలా జరగలేదండీ” అని దిద్దినది ఆయన ఇల్లాలు. కనుక ఇది ఇద్దరి వ్యాసమే.

2022 ఆగస్టులో యూనిట్ ఓవర్‌హాల్‌లో ఉన్నది. బాయిలర్ మెట్లు ఎక్కి దిగడం ఇంజనీరుగారికి ఉద్యోగంలో చేరిన నాటి నుండి అలవాటు. ఆ ఏడు మాత్రం మూడవ అంతస్తు దాటేసరికి ఛాతీ మధ్యన బరువు పెట్టినట్లయ్యేది. ఆ బరువు ఎడమ దవడ దాకా పాకేది. రెయిలింగు పట్టుకొని రెండు నిముషాలు నిలబడితే తగ్గిపోయేది. దానికి ఆయన ‘గ్యాస్’ అని పేరు పెట్టారు. జేబులో యాంటాసిడ్ బిళ్లలు చేరాయి. తరువాత మెట్లు మాని లిఫ్టు ఎక్కసాగారు. ఎవరైనా అడిగితే “మోకాళ్ల నొప్పులండీ” అనేవారు.

టౌన్‌షిప్‌లో మాట మనిషి కంటే ముందే ఇల్లు చేరుతుంది. ఇల్లాలు కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి, సీసాలో పోసి, ప్రతి రాత్రీ ఆ మోకాళ్లకు మర్దన చేసింది. కాదనడానికి నోరు రాక, నొప్పి లేని మోకాళ్లకు రెండున్నర నెలలు నూనె రాయించుకున్నారు ఇంజనీరుగారు.

నవంబరులో ఒక రాత్రి ఆ బరువు పడుకున్నా తగ్గలేదు. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. పక్క క్వార్టరు వారి కారులో కంపెనీ ఆసుపత్రికి చేరాము. ఇ.సి.జి., రక్త పరీక్ష చూసిన డ్యూటీ డాక్టరుగారు తెల్లవారేలోగా పెద్ద ఆసుపత్రికి పంపించారు. యాంజియోగ్రాంలో మూడు ధమనులలోనూ అడ్డంకులు కనిపించాయి. మా వాళ్లందరూ హైదరాబాదులో ఉన్నందున ఆపరేషన్ అక్కడ చేయించుకోవాలని నిశ్చయించుకున్నాము.

ఆపరేషన్ అంటే ఏమిటో ఇంజనీరు భాషలో చెబితే సులభంగా తెలుస్తుంది. కంట్రోల్ వాల్వు మొరాయిస్తే దాని పక్కనున్న బైపాస్ లైను తెరచి నీటిని నడిపిస్తాము. గుండెకు రక్తం అందించే ధమనులలో కొవ్వు పేరుకున్నప్పుడు వైద్యులు చేసేదీ అదే. కాలి నుండి తీసిన సిరను గాని, ఛాతీ గోడ లోపలి ధమనిని గాని అడ్డంకికి అవతలి వైపున కలిపి రక్తానికి కొత్త దారి వేస్తారు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రెనే ఫావలోరో కాలి సిరతో ఈ పద్ధతిని స్థిరపరిచారు. మన దేశంలో ఇది తొలిసారి 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా జరిగింది. ఉద్యోగుల కోసం కట్టిన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పని మొదలైందన్నది మనవంటి వారందరూ గర్వించదగిన విషయం.

మాకు ఒక ధమని, రెండు సిరలు కలిపి మూడు గ్రాఫ్టులు వేశారు. కోసిన ఛాతీ ఎముకను స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో బిగించారని తెలిసి ఇంజనీరుగారు మొదట అడిగిన ప్రశ్న “ఏ గ్రేడు స్టీలండీ?” అని. ఆయన మామూలు మనిషి అవుతున్నాడని ఇల్లాలికి ఆ ప్రశ్నతోనే ధైర్యం వచ్చింది.

ఆసుపత్రిలోని రోజులు కష్టమైనవే అయినా వాటికొక క్రమం ఉన్నది. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి హత్తుకోవాలి. మూడు బంతుల గొట్టం పెట్టుకొని గాలి పీల్చి ఊపిరితిత్తులను విప్పార్చాలి. మూడవ రోజున నాలుగడుగులు, మరునాడు వరండా చివరి దాకా నడవాలి. ఎనిమిదవ రోజున ఇంటికి పంపారు. ఎముక అతుక్కునే ఆరు నుండి ఎనిమిది వారాలు రెండు మూడు కిలోలకు మించి బరువు ఎత్తరాదని, వాహనం నడపరాదని, చేతులు ఊని మంచం మీది నుండి లేవరాదని చెప్పారు. సిర తీసిన కాలు సాయంత్రానికి వాచేది. అన్నం మట్టిలా ఉండేది. ఇవన్నీ ముందుగా చెప్పినవే గనుక మాకు భయం కలుగలేదు.

చెప్పని కష్టం ఇంటికి వచ్చిన తరువాత మొదలైంది. టన్నుల బరువుల యంత్రాలను ఎత్తించి దింపించిన మనిషి, నీళ్ల బకెట్టు ఎత్తే ఇల్లాలిని చూస్తూ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. టి.వి.లో ఏదో పాత సినిమాలో తండ్రి కూతురిని అత్తవారింటికి పంపుతుంటే ఆయనకు దుఃఖం ఆగలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇల్లాలు అర్ధరాత్రి లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకొని మళ్లీ పడుకునేది. ఆయన మెలకువగా ఉండి కూడా నిద్ర నటించేవారు. ఆయన మెలకువగా ఉన్నారని ఆమెకూ తెలుసు. అయినా ఒకరి భయాన్ని మరొకరు అడగలేదు. పగలంతా “ఎలా ఉంది?”, “బాగానే ఉంది” అన్న రెండు మాటలే నడిచేవి.

నెల తరువాత కంపెనీ ఆసుపత్రిలోని వైద్యురాలు ఈ సంగతి రాబట్టారు. బైపాస్ అయిన ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన మనోవ్యాకులత కలుగుతుందని, అది పిరికితనం కాదని, దానికీ చికిత్స ఉన్నదని, పట్టించుకోకపోతే గుండెకు కూడా చేటేనని వివరించారు. రోజుకు ఐదు నిముషాలతో మొదలుపెట్టి నలభై నిముషాల వరకు నడక పెంచమన్నారు. నడక పెరిగిన కొద్దీ నిద్ర వచ్చింది. మూడవ నెలలో ఇంజనీరుగారు విధులలో చేరారు. అందరూ “కొత్త గుండె వచ్చిందిలెండి, ఇక మీకేమిటి!” అన్నారు. మేమూ నమ్మాము. మా రెండవ తప్పుకు పునాది ఆ నమ్మకమే.

ఒక సంవత్సరం గడిచింది. 2024 ఫిబ్రవరిలో ఒకనాడు ఇల్లాలు ఉతకడానికి ప్యాంటు జేబులు చూస్తుంటే సార్బిట్రేట్ బిళ్లల పట్టీ దొరికింది. అత్యవసరానికని ఇచ్చిన పది బిళ్లలలో నాలుగు ఖాళీ. ఆమె ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక పాత నూనె సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. “ఏవండీ, ఇందులో నూనె ఇంకా మిగిలే ఉంది. ఈసారి ఎక్కడ రాయమంటారు?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఇంజనీరుగారి వద్ద జవాబు లేదు. గెస్ట్‌హౌస్ ఎత్తు ఎక్కేటప్పుడు మూడు వారాలుగా పాత బరువు మళ్లీ వస్తున్నదని చెప్పారు. “మళ్లీ నిన్ను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టలేక చెప్పలేదు” అన్నారు. “చెప్పకపోతే ఇంకెక్కడ కూర్చునేదాన్నో ఆలోచించారా?” అన్నది ఆమె. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె ఏడవడం చూశాము గాని, ఏడవకుండా అలా అడగడం అదే మొదటిసారి.

మరునాడే బయలుదేరాము. యాంజియోగ్రాంలో ఛాతీ ధమని గ్రాఫ్టు చక్కగా ఉన్నది. రెండు సిరలలో ఒకటి మూసుకుపోయింది. ఆపరేషన్‌లో లోపమేమీ లేదని, సిరల గ్రాఫ్టులలో నూటికి పది పదిహేను మొదటి సంవత్సరంలోనే మూసుకుపోవచ్చునని, పదేళ్లకు దాదాపు సగం చెడిపోతాయని, ఛాతీ ధమని మాత్రం పదేళ్ల తరువాత కూడా నూటికి తొంభై మందిలో పనిచేస్తూ ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. మూసుకున్న సిరను వదిలివేసి, పాత ధమనిలోనే స్టెంట్ వేసి పంపారు. త్వరగా వచ్చినందువలన గుండె కండరం దెబ్బతినలేదు. మరొక నెల ఆగి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

అప్పుడు మాకు అర్థమైంది. బైపాస్ లైను తెరిచినంత మాత్రాన వాల్వు బాగుపడినట్లు ప్లాంటులో ఎవరూ వ్రాయరు. కొత్త దారి పడింది గాని, పైపులలో పొర కట్టించిన నీరు మారలేదు. రక్తంలోని కొవ్వు, రక్తపోటు, కూర్చుని తినే అలవాటు అలాగే ఉంటే కొత్త పైపూ పాతదవుతుంది. బైపాస్ అయినవారు జబ్బు పోయినవారు కారు. జబ్బుతో జాగ్రత్తగా బ్రతుకుతున్నవారు.

ఆ వారమే రెండు వందల పేజీల పొడుగు నోటుపుస్తకం ఒకటి కొన్నాము. తేదీ, రక్తపోటు, నాడి, బరువు, నడక నిముషాలు, మందులు అని గడులు గీశాము. చివరి గడి పేరు ‘లోపాలు’. నొప్పి, ఆయాసం, దిగులు, కోపం, ఏది వచ్చినా అందులో వ్రాయాలన్నది నియమం. మొదటి రోజున మిషన్ సరిగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి ఇల్లాలి చేతికి పట్టీ చుట్టాము. అంకె 164/102 చూపింది. మిషన్ చెడిపోయిందనుకొని మళ్లీ చూశాము. మిషన్ బాగానే ఉన్నది. ఏడాదిగా తెల్లవారుజామున తలనొప్పి వస్తున్నదని, ఈయన గొడవలో తన గొడవ ఎందుకని చెప్పలేదని ఆమె అప్పుడు ఒప్పుకున్నది. ఆనాటి నుండి ఆ పుస్తకంలో రెండు పేర్లున్నాయి.

ఇక మా దినచర్య. ఉదయం నలభై నిముషాల నడక ఇద్దరమూ కలిసే, మాట్లాడుకోగలిగినంత వేగంతో నడుస్తాము. మాట ఆగితే వేగం తగ్గిస్తాము. ఆస్ప్రిన్, స్టాటిన్ బిళ్లలు ఎంత బాగున్నా డాక్టరు చెప్పకుండా మానము. చెడు కొలెస్టరాలు ఎల్.డి.ఎల్. 70కి లోపు ఉండాలని మా డాక్టరు మాట. 55కి లోపు ఉంటే ఇంకా మంచిదంటారు. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాములకు లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ఒక చిన్న చెంచా. నెలకు సరిపడా ఉప్పును ఇల్లాలు ఒకటవ తేదీన తూచి డబ్బాలో పోస్తుంది, అది అయిపోతే మళ్లీ ఒకటవ తేదీకే. ఊరి నుండి వచ్చే ఆవకాయ జాడీని వెళ్లగొట్టలేదు. రాష్ట్రం కాని రాష్ట్రంలో ఉంటూ అదీ లేకపోతే ఎలా? ఆదివారం మధ్యాహ్నం ఒక్క ముక్క. ఆ రోజు ‘లోపాలు’ గడిలో “ఆవకాయ, ఒకటి” అని వ్రాసుకుంటాము. ఒకసారి “రెండు” అని కూడా వ్రాయవలసి వచ్చింది.

సహోద్యోగ మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయే ఛాతీ బరువును, దవడకో చేతికో పాకే నొప్పిని గ్యాస్ అని మీరే తీర్మానించకండి. కూర్చున్నా ఐదు నిముషాలలో తగ్గకపోతే సొంతంగా బండి నడుపుకొని పోకుండా అంబులెన్సు పిలవండి. ఆపరేషన్ అయినవారు పాత నొప్పి మళ్లీ వస్తే సిగ్గుపడకండి. ఇంటివారిని బాధపెట్టకూడదని దాచిన నొప్పే వారిని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఇల్లాళ్లకు మరొక మాట. అదే మిషన్‌లో మీ చేయి కూడా పెట్టి చూసుకోండి.

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లున్నది. బాయిలర్ మెట్లు ఇప్పుడు మూడవ అంతస్తు వరకు నెమ్మదిగా ఎక్కుతున్నారు, పైకి లిఫ్టులో వెళుతున్నారు. ఎవరైనా కారణం అడిగితే మోకాళ్ల పేరు చెప్పడం లేదు. నూనె సీసా మాత్రం మందుల డబ్బా పక్కనే ఉన్నది. దానిని తీసివేయడానికి ఇల్లాలు ఒప్పుకోవడం లేదు.