తమాషాకి నిలబెడితే ఊరు బాగుచేశారు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. గ్రాండ్ కాన్యన్ చూసే ఉంటారు, అంచున నిలబడి ఫోటో దిగే ఉంటారు. కానీ ఆ చుట్టుపక్కలే ఉన్న కనాబ్ అనే ఊళ్ళో ఆగారా? ఆగి ఉండరు. మేమూ కావాలని ఆగలేదు లెండి. పార్కుల దగ్గర హోటళ్ళ రేట్లు చూసి మా అల్లుడు "అత్తయ్యగారూ, కాస్త దూరమైనా ఇక్కడ చవగ్గా ఉంది" అని అక్కడ రూము తీసుకున్నాడు. చవకకి పోతే ఇంత మంచి కథ దొరుకుతుందని ఎవరనుకున్నారు!

యూటా రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఆరిజోనా సరిహద్దుని ఆనుకుని ఉంటుందా ఊరు. 2020 జనాభా లెక్కల్లో ఐదువేలు కూడా లేరు. మన వైపు మేజరు పంచాయితీ అనుకోండి. చుట్టూ ఎర్రటి కొండలు, అచ్చం ఎర్రమట్టితో అలికిన అరుగులా ఉంటాయి. అక్కడి ఆదివాసులైన పైయూట్ల భాషలో కనాబ్ అంటే విల్లో చెట్లుండే చోటని అర్థమట. 1870లో మోర్మన్ మతస్థుల కుటుంబాలు కొన్ని వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. ఆ డిసెంబరులోనే వాళ్ళున్న కోటలో నిప్పంటుకుంది. నాయకుడు లీవై స్టూవర్ట్ భార్య, ఆయన కొడుకులు కొందరు ఆ మంటల్లో పోయారు. ఆ తర్వాత ఊరి పక్క వాగు వరదలొచ్చి కాలవలు కొట్టుకుపోవడం, మళ్ళీ తవ్వుకోవడం. అలాంటి బతుకు వాళ్ళది.

ఇక అసలు సంగతికొస్తాను. 1911లో ఆ ఊరికి ఎన్నికలొచ్చాయి. ఊరి బాధ్యత తలకెత్తుకోవడానికి మగవాళ్ళెవరికీ ఆసక్తి లేదు. కాలవగట్టు మీద కూర్చుని కబుర్లాడుకునే కొందరికి ఓ చిలిపి ఆలోచన వచ్చింది. "ఆడవాళ్ళ పేర్లు రాసేస్తే పోలా?" అని అయిదుగురి పేర్లు రాసి పడేశారు. నవ్వుకోవడానికే సుమండీ. తీరా చూస్తే పోటీగా ఇంకెవరూ లేరు, అందరూ గెలిచేశారు! మేయరు స్థానంలో మేరీ ఊలీ చేంబర్లెయిన్. మొదట ఆవిడా తమాషా అనే కొట్టిపారేసింది. కానీ ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు బలవంతపెడితే ఒప్పుకున్నారు. 1912 నుంచి రెండేళ్ళు ఊరిని వాళ్ళే నడిపారు.

ఈ మేరీగారి కథే ఓ నవల. 1896లోనే, పెళ్ళికి ముందు, కౌంటీ గుమస్తా పదవికి ఎన్నికైన మనిషి. తర్వాత థామస్ చేంబర్లెయిన్ గారికి ఆరో భార్య అయ్యింది. అప్పటికే బహుభార్యత్వాన్ని వాళ్ళ చర్చే వద్దంది కాబట్టి పెళ్ళి గుట్టుగా జరిగింది, హోవర్డ్ అనే మారుపేరుతో కొన్నాళ్ళు గడపాల్సి వచ్చింది. ఆరుగురిలో ఒకతె, సొంత పేరు చెప్పుకోలేని మనిషి, ఊరికి మేయరు! యూటాలో ఆడవాళ్ళకి 1870లో ఓటొచ్చి, 1887లో పోయి, 1896లో మళ్ళీ వచ్చింది. అమెరికా అంతటా రావడానికి 1920 దాకా పట్టింది.

మరి ఏం చేశారంటారా? ఇల్లు చక్కదిద్దినట్టే ఊరూ చక్కదిద్దారు. విచ్చలవిడిగా తిరిగే పశువుల్ని బందెలదొడ్డికి తోలించారు, కుక్కలకి పన్ను వేశారు. కాలవల మీద చిన్న వంతెనలు కట్టించారు, శ్మశానం స్థలం కొలిపించి హద్దులు వేయించారు, వరదకి అడ్డుకట్ట పోయించారు. సారా, జూదం మీద కట్టుబాట్లు పెట్టారు. పంగలకర్రతో పిట్టల్ని కొట్టే కుర్రాళ్ళనీ వదల్లేదు. ఓ సెప్టెంబరు పన్నెండో తారీకుని 'కంపు మొక్కల రోజు'గా ప్రకటించి, ఎవరి వాకిట్లో కలుపు వాళ్ళు పీకాలన్నారు, శుభ్రానికి బహుమతులూ పెట్టారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ముగ్గు వేసే చేతులకి కదా తెలుస్తుంది వాకిలి విలువ!

ఇదంతా చేస్తూ ఎవరి వంట వాళ్ళే, ఎవరి బొంతలు వాళ్ళే, సబ్బు కూడా ఇంట్లోనే కాచుకునేవారు. ఒక్కరికి తప్ప అందరికీ ఇంటినిండా పిల్లలు. పైగా పదవిలో ఉండగానే ముగ్గురు పురుళ్ళు పోసుకున్నారు! (అమెరికాలో ఇదే మొదటి మహిళా పాలకవర్గం అని చెప్పుకుంటారుగానీ, కాన్సస్‌లోని ఆస్కలూసాలో 1888లోనే ఒకటి వచ్చింది.)

ఈ కథ వింటుంటే నాకు మా వదినే గుర్తొచ్చింది. 1995లో పంచాయితీ ఎన్నికలప్పుడు మహిళా రిజర్వేషన్ అని ఆవిణ్ణి వార్డు మెంబరుగా నిలబెట్టారు. గెలిచింది. మీటింగులకి మాత్రం మా అన్నయ్య వెళ్ళేవాడు, వదిన సంతకాలు పెట్టేది. మా వదినకి ఊళ్ళో ఏ బోరు ఎండింది, ఏ వీధిలో మురుగు నిలుస్తుంది, అన్నీ నోటికి తెలుసు. అడిగినవాళ్ళే లేరు. మన దగ్గర తర్వాత రిజర్వేషన్ సగానికి పెంచారు, నిజమే. కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో మీ ఊళ్ళో మీరే చూసి చెప్పండి. కనాబ్ మగవాళ్ళు నవ్వినా, పని మాత్రం వాళ్ళ చేతికే వదిలేశారు. రెండేళ్ళయ్యాక మళ్ళీ నిలబడమని బతిమాలితే, ఇక వేరేవాళ్ళు చెయ్యండని ఆ అయిదుగురూ తప్పుకున్నారట. నాకైతే అక్కడ కాస్త కోపమే వచ్చింది.

అన్నట్టు, ఆ ఊరిని లిటిల్ హాలీవుడ్ అంటారు. 1924లో టామ్ మిక్స్ సినిమా తీసినప్పట్నించీ కౌబాయ్ సినిమాలవాళ్ళు వరస కట్టారు. ప్యారీ సోదరులు 1931లో పెట్టిన ప్యారీ లాడ్జిలో గది తలుపుల మీద తారల పేర్లుంటాయి. మావారు జాన్ వేన్ పేరు దగ్గర నిలబడి ఫోటో తీయించుకున్నారు, పెద్ద హీరోలా పోజు పెట్టి! సినిమా సెట్లు కొన్ని మ్యూజియంలో ఉన్నాయి, పిల్లలకి సరదాగా ఉంటుంది. ఊరికి దగ్గర్లోనే బెస్ట్ ఫ్రెండ్స్ వారి జంతుశరణాలయం ఉంది. 1984 నుంచీ దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ గుర్రాల్నీ సాకుతున్నారు. ఒకప్పుడు కుక్కలకి పన్ను వేసిన ఊళ్ళో!

మీరు వెళితే మేరీగారి కుటుంబం ఉన్న హెరిటేజ్ హౌస్ తప్పక చూడండి. 1894 నాటి ఇల్లు. తెరిచే వేళలు ముందే కనుక్కోండి. కోరల్ పింక్ ఇసుకదిబ్బలకి పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే కాళ్ళు కాల్తాయి. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున ఉన్న పాత లాడ్జి 2025 జులై కార్చిచ్చులో కాలిపోయింది కాబట్టి అటు వెళ్ళేముందు దారులు తెరిచారో లేదో చూసుకోండి. పులిహోర కట్టుకెళ్ళడం మాత్రం మరిచిపోకండి. మాకు ఆ రెండురోజులూ అదే కాపాడింది.